స్ట్రెయిట్‌నింగ్ అయిన జుట్టుకు బ్లీచ్ పెట్టాలంటే: గిన్నె కలపకముందు, కలిపాక

రీబాండింగ్ (క్రీమ్‌తో జుట్టును సాఫీ చేయడం) అయ్యాక ఎన్నాళ్లకు హైలైట్స్ (బ్లీచ్‌తో లేత రంగు తెచ్చిన పాయలు) వేయించుకోవచ్చు? అందరూ మొదట అడిగేది ఇదే. రెండు వారాలని ఒకరంటారు, మూడు నెలలని ఇంకొకరు, ఆరు నెలలని మరొకరు. ఎవరి లెక్క వాళ్లది. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకకు ప్రాణం ఉండదు, చర్మం మీద దెబ్బ మానినట్టు అది మానదు. స్ట్రెయిట్‌నింగ్ క్రీమ్ లోపల తెంపేసిన బంధాలు ఆరు నెలలు ఆగినా తెగినవి తెగినట్టే ఉంటాయి. ఈలోగా దువ్వినదీ, ఇస్త్రీ పెట్టినదీ, ఎండ తగిలినదీ అదనం.

అలాగని ఆగడం దండగ కాదు. ఆగితే మంట పుట్టిన మాడు నెమ్మదిస్తుంది. సెలూన్లో వేసిన కెరాటిన్ లాంటి పూత ఉంటే తలస్నానాలకు పలచబడుతుంది. నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున క్రీమ్ తగలని కొత్త జుట్టు వస్తుంది. దక్కేవి ఈ మూడే. పాత జుట్టుకు బలం మాత్రం తిరిగి రాదు. అందుకే బ్లీచ్ పెట్టొచ్చా లేదా అన్నది క్యాలెండర్ చూసి తేల్చుకునేది కాదు, ఒక చిన్న పాయను పరీక్షించి తేల్చుకునేది. కింద ఎక్కడైనా వారాల లెక్క కనిపిస్తే, అంతకంటే ముందు చేయొద్దని మాత్రమే దాని అర్థం. ఆ వారాలు గడిచాయి కాబట్టి చేసేయొచ్చని కాదు.

బలం ఎక్కడ పోతుందో ఒక్కసారి చూద్దాం. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్ పోగులను అడ్డంగా పట్టి ఉంచేవి గంధకం ఉన్న డైసల్ఫైడ్ బంధాలు. వంకీ ఇచ్చేవీ, గట్టిదనం ఇచ్చేవీ ఎక్కువగా అవే. స్ట్రెయిట్‌నింగ్ క్రీమ్ వాటిని తెంపుతుంది. బ్లీచ్‌లోని పర్‌సల్ఫేట్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయేది నల్లరంగు ఇచ్చే మెలనిన్ మీదకే అనుకుంటాం గానీ, దారిలో ఇవే బంధాలను ఆక్సీకరించి సిస్టీయిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. అంటే ఒకే ఖాతాలోంచి రెండోసారి డబ్బు తీస్తున్నారన్నమాట. మొదటిసారి తీశాక ఎంత మిగిలిందో చూసుకోకుండా మళ్లీ చెయ్యి పెట్టకూడదు.

తలకు పడ్డ క్రీమ్ ఏది?

సెలూన్లో చెప్పిన పేరును నమ్ముకోవద్దు. ‘స్మూత్‌నింగ్’ అన్న ఒకే మాట కింద రెండు మూడు రకాల రసాయనాలు నడుస్తాయి. డబ్బా మీద ఏం రాసి ఉందో కనుక్కోగలిగితే మేలు. వీలు కాకపోతే ఆ రోజు జరిగింది గుర్తు చేసుకోండి.

ఘాటైన, కుళ్లిన గుడ్డు లాంటి వాసన ఉన్న క్రీమ్ పట్టించి, కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత న్యూట్రలైజర్ అనే రెండో క్రీమ్ పెట్టారంటే అది థయో రకం. అందులో ఉండేది అమ్మోనియం థయోగ్లైకోలేట్. రీబాండింగ్ అనేది చాలావరకు ఇదే. తెగిన బంధాలను న్యూట్రలైజర్ మళ్లీ కలుపుతుంది, కానీ అన్నిటినీ కలపలేదు. ఈ జుట్టు మీద బ్లీచ్ సాధ్యమే, కాకపోతే హద్దులున్నాయి. కనీసం 4 వారాలు ఆగాలి. కొసల దాకా రెండుసార్లు రీబాండింగ్ పడిన జుట్టయితే సాధ్యమే అన్న మాట కూడా వెనక్కి తీసుకోవాల్సిందే.

ఇస్త్రీ అక్కర్లేకుండానే 15, 20 నిమిషాల్లో క్రీమ్‌తోనే జుట్టు సాఫీ అయి, మాడు చురచురలాడి, చివర్లో న్యూట్రలైజింగ్ షాంపూతో కడిగారంటే అది హైడ్రాక్సైడ్ రిలాక్సర్. సోడియం హైడ్రాక్సైడ్ కావచ్చు, అప్పటికప్పుడు రెండు కలిపి వాడే గ్వానిడీన్ రకమూ కావచ్చు. ‘నో లై’ (సోడియం హైడ్రాక్సైడ్ లేదు) అని రాసి ఉన్నంత మాత్రాన అది మెత్తనిదేమీ కాదు. వీటి పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఇవి డైసల్ఫైడ్ బంధంలోంచి ఒక గంధకపు పరమాణువునే తీసేసి దాన్ని లాంథియోనైన్ అనే వేరే బంధంగా మార్చేస్తాయి. అది మళ్లీ పాత రూపానికి రాదు. ఏ బాండ్ బిల్డరూ (తెగిన బంధాలను కలుపుతుందని బ్లీచ్‌లో వేసే మందు) దాన్ని తేలేదు. హైడ్రాక్సైడ్ పడిన జుట్టు మీద పౌడర్ బ్లీచ్ పెట్టకూడదన్నదే మా మాట. చేతికి మంచి అనుభవం ఉన్నవాళ్లు లావుపాటి ఆరోగ్యమైన జుట్టులో నాలుగు సన్న పాయలు తీసి నెట్టుకొస్తారు నిజమే, కానీ ఆ నాలుగు పాయల కోసం పెట్టే పందెం పెద్దది. క్రీమ్ పడ్డ భాగం పెరిగి కత్తిరింపులో పోయేదాకా ఆగడం, లేదా జడకు తగిలించుకునే రంగు పాయలు వాడుకోవడం మేలు.

మూడోది కెరాటిన్, బోటాక్స్ అనే పేర్లతో జరిగేది. ద్రవం పట్టించి, కడగకుండానో కొంచెం కడిగో ఆరబెట్టి, బాగా కాలిన ఇస్త్రీతో ఒక్కో పాయను ఏడెనిమిది సార్లు లాగుతారు. కళ్లు మండే పొగ వస్తుంది. న్యూట్రలైజర్ ఉండదు. కుదుళ్ల దగ్గర స్పష్టమైన గీత పడకుండా మూడు నాలుగు నెలల్లో ప్రభావం మెల్లగా తగ్గిపోతుంది. ఇందులో ఫార్మాల్డిహైడ్ విడుదల చేసేవీ, గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్నవీ ఉంటాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీముల తర్వాత మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇక బ్లీచ్ విషయానికొస్తే, ఈ పూత చెదురుమదురుగా ఊడిన చోట రంగు త్వరగా తేలుతుంది, అంటే లేతబడుతుంది, ఉన్న చోట ఆలస్యమవుతుంది. అందుకే మరకలు మరకలుగా వస్తుంది. కనీసం 2 వారాలు ఆగి, ఈలోగా క్లారిఫైయింగ్ షాంపూతో (పేరుకున్న పూతను వదిలించే రకం) మూడు నాలుగు సార్లు కడగాలి. బ్లీచ్ తర్వాత ఆ నునుపు చాలావరకు పోతుందని ముందే ఒప్పుకోవాలి.

క్రీమ్ సంగతి తేలాక ఇంకో ప్రశ్న: ఈ పొడవులో ఎప్పుడైనా హెన్నా గానీ, ‘నల్ల హెన్నా’ పొడులు గానీ, పెట్టెలో వచ్చే నల్ల డై గానీ పడ్డాయా? భుజాల కింది దాకా ఉన్న జుట్టంటే కొసలకు మూడేళ్ల వయసు ఉండొచ్చు. మూడేళ్ల కిందట పెట్టింది మీరు మరిచిపోయి ఉంటారు, వెంట్రుక మరిచిపోదు. లోహ లవణాలు కలిసిన పొడుల మీద పెరాక్సైడ్ పడితే పాయ వేడెక్కిపోతుంది, కాలిపోతుంది కూడా. నీలిమందు కలిసిన హెన్నా మీద ఆకుపచ్చ తేలొచ్చు. నల్ల డై అయితే ఇటుక రంగు దగ్గర మొండికేసి కూర్చుంటుంది.

పాయ పరీక్ష

మొదట సాగదీసి చూడాలి. నుదుటి దగ్గర, నడినెత్తిన, చెవి వెనక, మెడ మీద ఒక్కో వెంట్రుక తీసుకుని నీళ్లలో తడపండి. స్కేలు పక్కన పెట్టి 10 సెంటీమీటర్ల ముక్కను రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగండి. బాగున్న తడి వెంట్రుక 13 సెంటీమీటర్ల దాకా సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. లాగిన కొద్దీ జిగురులా సాగిపోతూ, వదిలితే ముడుచుకుని తిరిగి రాకుండా ఉండిపోతే లోపలి బంధాలు పోయినట్టు. అసలు సాగకుండా టప్పున తెగితే పెళుసుబారినట్టు. రెండిట్లో ఏదైనా సరే, బ్లీచ్ ఆలోచన అక్కడితో ఆపాలి. ఒక్క వెంట్రుకతో తీర్పు చెప్పొద్దు, ఒక్కో చోట నాలుగైదు చూడండి. నుదుటి అంచు వెంట్రుకలు సన్నవి, పైగా ఇస్త్రీ ఎక్కువ తగిలినవి. ముందుగా ఓడిపోయేవి అవే.

తర్వాతది అసలు పరీక్ష. 20, 30 వెంట్రుకల సన్న పాయ కావాలి. కత్తిరించడానికి మనసొప్పకపోతే వారం రోజులు దువ్వెనకు వచ్చిన పొడవాటి వెంట్రుకలు పోగుచేయండి. కుదురు వైపు చివర్లను ఒకచోట చేర్చి దారంతో కట్టండి. ఏది కుదురో ఏది కొసో తెలియకపోతే పరీక్షకు విలువ లేదు. తల మీద వాడబోయే అదే బ్లీచ్ పౌడర్, అదే డెవలపర్ (పౌడర్‌లో కలిపే పెరాక్సైడ్ ద్రవం), అదే బాండ్ బిల్డర్ తీసుకుని, 5 గ్రాముల పౌడర్‌కు 10 మిల్లీలీటర్ల డెవలపర్ చొప్పున గాజు గిన్నెలో కలిపి పాయకు పట్టించండి. ఫాయిల్ మీద పరిచి చూస్తూ ఉండండి. మొదటి 5 నిమిషాల్లో చేతికి వేడి తగిలినా, పొగ వచ్చినా, ఘాటు వాసన వేసినా, ఆకుపచ్చ తిరిగినా లోహ లవణాలో, నీలిమందో ఉన్నట్టే. ఆ జుట్టు జోలికి పోవద్దు.

అలాంటిదేమీ లేకపోతే ప్రతి 5 నిమిషాలకు తడి దూదితో ఒక చోట తుడిచి రంగు చూసి, నిమిషాల లెక్కతో సహా కాగితం మీద రాయండి. 30 నిమిషాలు దాటనివ్వొద్దు. కడిగి, షాంపూ, కండిషనర్ పెట్టి, ఆరబెట్టి, ఒక రోజు పక్కన పెట్టండి. మరునాడు మళ్లీ మూడుసార్లు కడిగి ఆరబెట్టి, అప్పుడు సాగదీసి చూడండి. చాలామంది ఈ భాగాన్ని ఎగ్గొడతారు. బ్లీచ్ పెట్టిన రోజు కండిషనర్ మెరుపులో అంతా బాగానే కనిపిస్తుంది, విరగడం మొదలయ్యేది తర్వాతి తలస్నానాల్లో. పాయను తెల్ల కాగితం మీద దులిపితే చిన్న ముక్కలు రాలుతున్నాయా? కొసల్లో తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే మీ జుట్టు అంతసేపు తట్టుకోలేదు. ఇంకో పాయతో 15 నిమిషాలకు ఆపి చూడండి. అదీ నిలవకపోతే ఇక చూడాల్సిందేమీ లేదు. నిలిచిన పాయ ఎన్ని నిమిషాలకు ఏ రంగు దాకా వచ్చిందో అదే మీ హద్దు.

ఎంతవరకు ఆశపడొచ్చు

సెలూన్ల లెక్కలో జుట్టు రంగు 1 నుంచి 10 మెట్లు. 1 కారునలుపు, 10 లేత పసుపు. నల్లటి జుట్టు మెట్లు ఎక్కేకొద్దీ లోపలి వెచ్చటి ఛాయ బయటపడుతుంది: 4 దగ్గర ఎరుపు, 6 దగ్గర ఎర్ర నారింజ, 7 దగ్గర నారింజ, 8 దగ్గర పసుపు నారింజ, 9, 10 దగ్గర పసుపు. స్ట్రెయిట్‌నింగ్ అయిన నల్లజుట్టును 2 నుంచి 5 లేదా 6 దాకా తేవడం తెలివైన పని. రాగి, తేనె, చెస్ట్‌నట్ గోధుమ ఛాయలు అక్కడే దొరుకుతాయి. బూడిద రంగు, ప్లాటినం, లేత గులాబీ లాంటివి 9, 10 మెట్లు అడుగుతాయి. అవి ఈ జుట్టుకు రాసిపెట్టి లేవు. ఫోటో చూపించి అడిగే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

బ్లీచ్ అసలు అక్కర్లేని దారీ ఒకటుంది. ముందెప్పుడూ డై పడని థయో జుట్టయితే 6 శాతం డెవలపర్‌తో వేసే పర్మనెంట్ కలర్ ఒకటి రెండు మెట్లు తేలుస్తుంది. 2 నుంచి 4 చాలనుకునేవాళ్లకు ఇదే సరిపోతుంది, నష్టమూ తక్కువ. డై పడిన జుట్టు మీద మాత్రం పనిచేయదు, ఒక డై ఇంకో డైని తేల్చలేదు. 12 శాతం డెవలపర్ అడిగే హై లిఫ్ట్ కలర్లను ‘బ్లీచ్ కాదు కదా’ అని మెత్తగా తీసుకోవద్దు. నిమ్మరసం, ఎండలో నిలబడటం, పెరాక్సైడ్ స్ప్రే లాంటి చిట్కాలు కూడా వద్దు. స్ప్రే చేసిన పెరాక్సైడ్‌కు ఎక్కడ ఆగాలో తెలియదు, ఇస్త్రీ వేడి తగిలిన ప్రతిసారీ మళ్లీ పని మొదలుపెడుతుంది.

బ్లీచ్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఓంబ్రే, బలయాజ్ లాంటివన్నీ కొసలను ఎక్కువ తేల్చే పద్ధతులు. మామూలు జుట్టుకు అందం. స్ట్రెయిట్‌నింగ్ అయిన జుట్టులో అన్నిటికంటే పాతవీ, ఎక్కువసార్లు క్రీమూ ఇస్త్రీ చూసినవీ ఆ కొసలే. కుదుళ్లు వదిలేస్తాం కాబట్టి బలయాజ్ సురక్షితం అని సర్దిచెప్పుకుంటారు గానీ, సురక్షితంగా ఉండేది మాడు, వెంట్రుక కాదు.

ఈ జుట్టుకు నప్పేది సన్న పాయల హైలైట్స్. తల మొత్తంలో ఐదో వంతు కంటే ఎక్కువ ముట్టుకోకుండా, ముఖం చుట్టూ, పాపిడి పక్కన, పై పొర కింద పెడితే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి. ఒకవేళ ఆ పాయలు దెబ్బతిన్నా మిగిలిన నాలుగు వంతుల జుట్టు వాటిని కప్పుకుంటుంది. చివరి 3, 4 సెంటీమీటర్లకు బ్లీచ్ పెట్టకుండా వదిలేయండి, లేదా కడిగే ముందు చివరి 5 నిమిషాలే తగలనివ్వండి. మాడు నుంచి కనీసం 1 సెంటీమీటరు దూరం ఉంచండి, ఒంటి వేడికి అక్కడ త్వరగా తేలి గుర్తు పడుతుంది.

ఇంకో బలహీన చోటుంది: కొత్తగా పెరిగిన వంకీ జుట్టు, పాత సాఫీ జుట్టు కలిసే గీత. వెంట్రుక ఎక్కువగా విరిగేది ఆ మడత దగ్గరే. అక్కడ బ్రష్ ఆగి ముద్దగా పెట్టకుండా పలచగా దాటించాలి.

సామగ్రి, కలిపే లెక్క

తూకం యంత్రం ముందు తెచ్చుకోండి. చెంచాల లెక్కతో పౌడర్ ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. ప్లాస్టిక్ గిన్నె, బ్రష్, తోక దువ్వెన, ఫాయిల్, చేతి గ్లవ్స్, మార్కర్ పెన్ను కావాలి. కలిపే గిన్నె, చెంచా లోహంవి కాకూడదు. గది కిటికీలు తెరిచి ఉంచండి, పర్‌సల్ఫేట్ పొడి ఎగిరితే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం వస్తుంది.

స్ట్రెయిట్‌నింగ్ పడిన భాగానికి 3 శాతం డెవలపర్, అంటే 10 వాల్యూమ్. కొత్తగా పెరిగిన భాగాన్ని కూడా తేల్చాలంటే దానికి వేరే గిన్నెలో 6 శాతం, అంటే 20 వాల్యూమ్. 9, 12 శాతం సీసాలను ఇంట్లోకే రానివ్వొద్దు. 30 గ్రాముల పౌడర్‌కు 60 మిల్లీలీటర్ల డెవలపర్ మామూలు లెక్క. ఫాయిల్‌లోంచి కారకుండా కాస్త చిక్కగా కావాలంటే 45 మిల్లీలీటర్లు. మీరు కొన్న పౌడర్ ప్యాకెట్ మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. ఒకేసారి పెద్ద గిన్నె కలపొద్దు. కలిపిన అరగంటకు బలం తగ్గడం మొదలవుతుంది. మిగిలిన ముద్దను మూత బిగించి దాచొద్దు, లోపల వాయువు పుట్టి డబ్బా పగులుతుంది.

బాండ్ బిల్డర్ వేస్తే సీసా మీద చెప్పినంతే వేయండి. ఎక్కువ వేస్తే తేలడం మందగిస్తుంది. ‘తేలట్లేదే’ అని డెవలపర్ శాతం పెంచేది అప్పుడే. మంచికి వేసింది చెడుకు దారి తీసేది ఇలాగే.

పెట్టే రోజు

48 గంటల ముందు, వాడబోయే టోనర్‌తో (బ్లీచ్ తర్వాత ఛాయ సరిదిద్దే రంగు) చెవి వెనకో మోచేతి మడతలోనో అలర్జీ పరీక్ష చేసి ఉండాలి. రెండు రోజుల ముందు క్లారిఫైయింగ్ షాంపూతో కడిగేసి, ఆ రోజు మాత్రం తలస్నానం చేయకుండా రండి, మాడు మీది సహజ నూనె కాస్త అడ్డంగా ఉంటుంది. మాడు మీద గోకిన గీతలు, పుండ్లు ఉంటే వాయిదా వేయండి. చిట్లిన కొసలను ముందే 2, 3 సెంటీమీటర్లు కత్తిరించేయండి. ఎలాగూ పోయేవే, వాటి మీద బ్లీచ్ ఎందుకు? ఇది ఒంటరిగా చేసుకునే పని కాదు, తల వెనక ఏం జరుగుతోందో మీకు కనిపించదు.

1. పొడి జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టండి. మెడ వైపు నుంచి మొదలుపెట్టి నడినెత్తికి రండి. నుదుటి అంచు చివరన.
2. 3 మిల్లీమీటర్ల మందం పాయ తీసి, తోక దువ్వెన కొనతో అల్లినట్టు కొన్ని వెంట్రుకలు పైకీ కొన్ని కిందికీ విడదీయండి. పైకి వచ్చినవాటి కింద ఫాయిల్ పెట్టండి.
3. ముద్దను పాయ రెండు వైపులా నిండుగా పట్టించండి. పలచగా పడి ఎండిపోయిన చోట బ్లీచ్ పని ఆపేస్తుంది, మరక అక్కడే పడుతుంది.
4. ఫాయిల్ మడిచి, దాని మీద మార్కర్‌తో సమయం రాయండి.

నాలుగో దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఇరవై ఫాయిళ్లు పెట్టడానికి చెయ్యి తిరిగినవాళ్లకే అరగంట పడుతుంది. చివరిది పెట్టేసరికి మొదటిది దించాల్సిన వేళ అయిపోతుంది. చివరి ఫాయిల్ నుంచి లెక్కపెట్టేవాళ్లు మొదటి పాయలను గంట సేపు ఉడికిస్తారు. ప్రతి ఫాయిల్‌కు దాని గడియారం దానిదే. చెయ్యి నిదానమైతే ఒక రోజు పదే పెట్టండి, మిగతావి ఇంకో రోజు.

కొత్త జుట్టును కూడా తేలుస్తున్నట్టయితే 6 శాతం ముద్దను ముందు దానికి పెట్టి, 10 నిమిషాలు ఆగి కింది భాగానికి 3 శాతం ముద్ద పెట్టండి. క్రీమ్ పడిన వెంట్రుక నీళ్లు పీల్చినంత తేలిగ్గా బ్లీచ్‌నూ పీల్చుకుంటుంది, దానికి ముందు పరుగు అక్కర్లేదు. హెయిర్ డ్రైయర్, స్టీమర్, ఎండ, ఏ వేడీ వద్దు.

5 నిమిషాలకోసారి ఒక్కో ఫాయిల్ తెరిచి, తడి దూదితో వేలి వెడల్పు చోట తుడవండి. రెండు చూడాలి. ఒకటి రంగు. తడి జుట్టు ఆరినదానికంటే ముదురుగా కనిపిస్తుంది కాబట్టి కావాల్సిన రంగుకు అర మెట్టు ముందే ఆపాలి. రెండోది పట్టు. తుడిచిన చోట బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కొద్దిగా లాగితే స్ప్రింగులా వెనక్కి రావాలి. వేళ్ల కింద జారుడుగా, ఉబ్బినట్టుగా, మెత్తటి రబ్బరులా తగిలితే రంగు ఎక్కడున్నా సరే, గడియారం ఏమన్నా సరే, అదే క్షణం కడిగేయాలి. పాయ పరీక్షలో వచ్చిన నిమిషాలను దాటొద్దు, అవి ఎన్నయినా 30ని అసలే దాటొద్దు.

కడగడం, టోనర్

తేలిన ఫాయిళ్లను ఒక్కొక్కటే తెరిచి గోరువెచ్చని నీళ్లతో కడగండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ధారగా పోయండి, పిసకొద్దు. అన్నీ అయ్యాక పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండే షాంపూతో ఒక్కసారి. బాండ్ బిల్డర్ సెట్‌లో రెండో సీసా ఉంటే అది 10 నిమిషాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి.

టోనర్ డెమీ పర్మనెంట్ (తలస్నానాలకు మెల్లగా పోయే) రకం, వీలైతే ఆమ్ల గుణం ఉన్నది, 2 శాతం దగ్గరి డెవలపర్‌తో. నారింజను నీలం, పసుపును ఊదా చంపుతాయి. కానీ 5, 6 మెట్ల దగ్గర ఆ వెచ్చదనాన్ని పూర్తిగా చంపబోతే బురద రంగు మిగులుతుంది. రాగి లేదా బంగారు గోధుమ టోనర్ వేసి ఉన్న వెచ్చదనాన్నే అందంగా మార్చుకోవడం సులువు. టోనర్‌ను మధ్య భాగానికి ముందు పెట్టి, కొసలకు చివరి 3 నిమిషాలు చాలు. బొరియలు పడిన కొసలు రంగును ఆబగా పీల్చి నల్లబడతాయి.

బెడిసినప్పుడు

అక్కడక్కడ నారింజ, అక్కడక్కడ పసుపు వస్తే అందరికీ తోచేది మళ్లీ బ్లీచ్. వద్దు. పసుపు భాగాన్ని ఒకటి రెండు మెట్లు ముదురు టోనర్‌తో కిందికి దించి నారింజతో కలపండి. పైకి లాగడం కన్నా కిందికి దించడం ఎప్పుడూ చవక. ఇంకో విడత కావాలంటే 8 వారాలు ఆగండి. ఆ లోపు తలస్నానాల్లో ఎంత విరుగుతుందో తెలుస్తుంది. మళ్లీ పాయ పరీక్షతోనే మొదలుపెట్టాలి.

తడిసినప్పుడు జుట్టు జిగటగా, నానిన దూది పీచులా ఉంటే దువ్వెన ముట్టుకోవద్దు. కండిషనర్ పట్టించి వేళ్లతోనే విడదీసి, గాలికి ఆరనివ్వండి. ప్రోటీన్ మాస్క్ కాసేపు గట్టిదనం ఇస్తుంది, పోయిన బంధాలను తేదు. ఆ భాగానికి కత్తెరే మందు. మాడు మంట పెడితే వెంటనే చల్లటి నీళ్లతో బాగా కడగండి. బొబ్బలు వచ్చినా, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

తర్వాతి నెలలు

మొదటి మూడు రోజులు తల తడపొద్దు. ఆ తర్వాత వారానికి రెండు తలస్నానాలు చాలు. దానికి గంట ముందు బ్లీచ్ పడిన పొడవుకు కొద్దిగా కొబ్బరి నూనె రాయండి. అది వెంట్రుక లోపలికి దిగుతుంది, కడిగేటప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. మినరల్ ఆయిల్‌కు ఆ గుణం లేదు. దువ్వడం ఎప్పుడూ కొసల నుంచి పైకి, వెడల్పు పళ్ల దువ్వెనతో. ప్రోటీన్ మాస్క్ మూడు నాలుగు వారాలకోసారి. ఎక్కువైతే జుట్టు పుల్లలా బిగుసుకుని విరుగుతుంది. ఇస్త్రీ తప్పనప్పుడు 160 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, పూర్తిగా ఆరిన జుట్టు మీద, ఒక్కసారే లాగండి.

ఆరు నెలలకు కుదుళ్లు వంకీలు తిరుగుతాయి, మళ్లీ రీబాండింగ్ గుర్తొస్తుంది. బ్లీచ్ పడిన పాయల మీద థయో గానీ హైడ్రాక్సైడ్ గానీ పడకూడదు. కొత్తగా పెరిగిన దానికే పెడతాం అన్నా, క్రీమ్ కడిగే నీళ్లు పొడవంతా పారుతూనే దిగుతాయి. తప్పదనుకుంటే తేలిన పాయలను ముందే విడదీసి, చిక్కటి కండిషనర్ దట్టించి, ఫాయిల్‌లో చుట్టి, కడిగేటప్పుడు తల వెనక్కి వాల్చి ఆ పాయలను పక్కకు పట్టుకునే మనిషి ఒకరు ఉండాలి. అదీ థయో అయితేనే. పాత క్రీమ్ థయో అయి, కొత్తది హైడ్రాక్సైడ్ అయితే బ్లీచ్ లేకున్నా ఆ రెండూ ఒకే వెంట్రుక మీద కలవకూడదు.